"ఓఎస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారా? కంప్యూటర్ అక్కడ వదిలి రావద్దు

పాత కంప్యూటర్ రిపేరుకిచ్చేవాళ్లు, ముఖ్యంగా కొట్టు లెక్కలన్నీ అందులోనే పెట్టుకున్నవాళ్లు, ముందు ఈ బిల్లు చూడండి. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన డిస్కు) 256 జీబీ 3,200. విండోస్ ఒరిజినల్ 1,500. సర్వీసు 500. మొత్తం 5,200. చిత్తు కాగితం మీద పెన్నుతో రాసిచ్చారు. షాపు ముద్ర లేదు, జీఎస్టీ నంబరు లేదు, వేసిన ఎస్‌ఎస్‌డీ ఏ కంపెనీదో కూడా లేదు. అసలు చెడిపోయింది మాత్రం మదర్‌బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీ. యాభై రూపాయల లోపు దొరుకుతుంది.

కంప్యూటర్ మా మావయ్యది. సత్తెనపల్లి దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు ఆయనది. 2017లో కొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్, విండోస్ 10 హోమ్ దాంతోపాటే వచ్చింది. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తారు. కొన్నాళ్లుగా పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి ఎఫ్1 నొక్కమనేది, నొక్కితే మామూలుగానే తెరుచుకునేది. కాకపోతే తేదీ ఎప్పుడో పాత సంవత్సరం చూపించేది, జీఎస్టీ సైటు తెరిస్తే గడియారం వెనకబడిందని బ్రౌజర్ మొరాయించేది. చివరికోరోజు నీలం స్క్రీన్ వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఇదంతా బిళ్ల బ్యాటరీ లక్షణమే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులను నిలబెట్టేది అదే. అది అయిపోతే ప్రతి రాత్రీ సెట్టింగులు చెరిగిపోయి ఫ్యాక్టరీవి వచ్చి కూర్చుంటాయి. వాటిలో హార్డ్ డిస్కును ఏ పద్ధతిలో చదవాలన్న సెట్టింగు కూడా ఉంటుంది. ఏహెచ్‌సీఐ, రెయిడ్ అనేవి అలాంటి రెండు పద్ధతులు. ఏహెచ్‌సీఐలో వేసిన విండోస్, ఆ సెట్టింగు రెయిడ్‌కి మారిపోతే లేవదు, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలం స్క్రీన్ వేస్తుంది. చూసినవాడికి విండోస్, అంటే ఓఎస్, చచ్చిపోయినట్టే ఉంటుంది. నిజానికి దానికి ఏమీ అయుండదు.

గుంటూరులో ఓ షాపుకి తీసుకెళ్లారు. కౌంటర్ దగ్గర కుర్రాడు ఒకసారి ఆన్ చేసి, నీలం స్క్రీన్ చూసి, మూత కూడా తీయకుండా తేల్చేశాడట: "ఓఎస్ కరప్ట్ అయింది అంకుల్, హార్డ్ డిస్క్ కూడా పోయింది. ఎస్‌ఎస్‌డీ వేస్తే రాకెట్‌లా ఉంటది. సీ డ్రైవ్‌లో ఏమీ లేవుగా?" మావయ్యకి సీ ఏదో డీ ఏదో ఏం తెలుసు? "టాలీ మాత్రం పోకూడదు బాబూ" అన్నారు, కొట్టు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ అదే. "టాలీ మళ్లీ వేసిస్తాం అంకుల్" అన్నాడు వాడు.

అన్నట్టే వేసిచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే 'క్రియేట్ కంపెనీ' అని ఖాళీ స్క్రీన్. సాఫ్ట్‌వేర్ ఉంది, లెక్కలు లేవు. టాలీ ఈఆర్‌పీ 9 మనం మార్చకపోతే డేటాని సీ డ్రైవ్‌లోనే, యూజర్స్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద పెడుతుంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైళ్లు, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ కూడా సీలోనే ఉంటాయి. "డీలో ఉన్నవి పోవు" అన్న భరోసా మనలో చాలామందికి ఎందుకూ కొరగాదు, మనం వాడేదంతా సీలోనే కాబట్టి. ఖరీఫ్‌లో రైతులకిచ్చిన అప్పు, మిర్చి యార్డుకి చేరి డబ్బులొచ్చాక గానీ వసూలు కాదు. ఆ ఖాతాలన్నీ అందులోనే. మావయ్య ఫోన్ చేసినప్పుడు గొంతు పెగల్లేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న, పాత డిస్కు ఏది? ఎస్‌ఎస్‌డీ వేశారంటే పాతది చెరిపేయాల్సిన పనే లేదు కదా, డేటా దాంట్లో అలాగే ఉండాలి. తిరిగివ్వలేదు! షాపుకి వెళ్లి అడిగితే "స్క్రాప్‌కి వెళ్లిపోయింది సార్" అన్నారు. అందులో జీఎస్టీ లాగిన్లు, రైతుల ఆధార్ స్కాన్లు, పాస్‌బుక్కుల జిరాక్సులు ఉన్నాయని, ఇప్పుడే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నానని చెప్పి ఫోన్ బయటికి తీశాక, కౌంటర్ కింద అట్టపెట్టెలోంచి అదే డిస్కు వచ్చింది. స్క్రాప్ ఎంత దగ్గర్లో ఉందో చూడండి.

డెస్క్‌టాప్‌లో ఖాళీగా ఉన్న రెండో సాటా పోర్టుకి (డిస్కులు తగిలించే చోటు) ఆ డిస్కు తగిలించాను. "పోయిన" డిస్కు చక్కగా తెరుచుకుంది. టాలీ డేటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే మిగతా పని మొదలుపెట్టాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు ఆరోగ్యం చూస్తే 'గుడ్' అని వచ్చింది, చెడిపోయిన సెక్టార్లు సున్నా. అదే ప్రోగ్రాంలో షాపువాళ్లు వేసిన "కొత్త" ఎస్‌ఎస్‌డీని చూడండి: పవర్ ఆన్ అవర్స్ 11 వేల పైచిలుకు. రాత్రీ పగలూ ఆపకుండా నడిచినా ఏడాది దాటిన సరుకది.

తర్వాత సీఆర్2032 రకం బిళ్ల బ్యాటరీ మార్చి, బయోస్‌లో తేదీ సరిచేసి, డిస్కు సెట్టింగు ఏహెచ్‌సీఐకి తిప్పి, పాత డిస్కుతో ఆన్ చేస్తే పాత విండోస్ మనవరాలి ఫోటో వాల్‌పేపర్‌తో సహా లేచి కూర్చుంది. తలనొప్పికి తల తీసేసే వైద్యం అంటే ఇదే.

ఇక ఆ 1,500 రూపాయల "ఒరిజినల్" సంగతి. షాపువాళ్లు ఎస్‌ఎస్‌డీలో వేసిన విండోస్‌లో, సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీ తెరిస్తే, మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీసుతో విండోస్ యాక్టివేట్ అయిందని ఉంది. ఎరువుల కొట్టుకి ఆర్గనైజేషన్ ఎక్కడిది? పెద్ద కంపెనీల కోసం పెట్టిన పద్ధతిని దొంగ టూల్‌తో అనుకరించారన్నమాట. వైరస్ రక్షణ పేజీలో ఎక్స్‌క్లూజన్స్ చూస్తే సీ డ్రైవ్ మొత్తాన్నీ తనిఖీ చేయొద్దని రాసిపెట్టారు, ఆ టూల్ పట్టుబడకుండా. బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్ అది. పైగా ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) వేసి, ఎప్పుడైనా లోపలికి రావడానికి పాస్‌వర్డ్ కూడా పెట్టుకున్నారు. సర్వీసు సౌకర్యం కోసమట.

అన్నిటికంటే మండేది ఏంటంటే, ఆ మెషీన్‌కి అసలైన లైసెన్సు ముందే ఉంది. విండోస్ 8 నుంచి బ్రాండెడ్ కంప్యూటర్లలో విండోస్‌తో కొన్నవాటికి కీ బయోస్‌లోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, ముందున్న ఎడిషనే (మావయ్యది హోమ్, వీళ్లు వేసింది ప్రో) వేస్తే, కీ అడిగినా లేదని దాటేయొచ్చు. నెట్ తగలగానే డిజిటల్ లైసెన్సుతో దానంతటదే యాక్టివేట్ అవుతుంది. బిల్లుతో, వారంటీతో వేరే ఎస్‌ఎస్‌డీ కొని నేను చేసింది ఇదే. కీ కోసం రూపాయి ఖర్చు కాలేదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10 సపోర్టు ఆగిపోవడం ఇలాంటి షాపులకి పండగైంది. "ఇక పనిచేయదు" అంటే నమ్మకండి. పనిచేస్తుంది, ఆగేది సెక్యూరిటీ అప్‌డేట్లు. వాటిక్కూడా పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా గడువుంది. టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్పు) లేని, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో లేని మెషీన్‌కి అడ్డదారిలో విండోస్ 11 ఎక్కిస్తామంటే మాత్రం వద్దనండి.

ల్యాప్‌టాప్ అయితే ఇంకో ప్రమాదం. విండోస్ 11 కొత్త వెర్షన్లు కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేస్తే డిస్కుకి తాళం పడుతుంది, 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి పోతుంది. షాపు కుర్రాడు పని తొందరగా అవ్వాలని తన మెయిల్ కొట్టాడనుకోండి, మీ డిస్కు తాళంచెవి వాడి దగ్గరుంటుంది. సైన్ ఇన్ దగ్గరుండి మీ మెయిల్‌తోనే చేయించండి.

షాపుకి ఇచ్చేటప్పుడు డిస్కు, ర్యామ్ మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి. తీసేసిన ప్రతి పార్టూ వెనక్కివ్వాలని ముందే కాగితం మీద రాయించుకోండి. టాలీ లైసెన్సు ఉన్నవాళ్లు మెషీన్‌లో పార్టులు మార్చేముందు దాన్ని సరెండర్ చేసుకోండి (ఆ మెషీన్ నుంచి విడిపించుకోవడం). ఇప్పటికే ఫార్మాట్ కొట్టేసి ఉంటే, పాత రకం హార్డ్ డిస్కు అయితే వెంటనే వాడకం ఆపండి, మీద కొత్తవి రాయకపోతే ఫోటోరెక్ లాంటి, చెరిగిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాంలతో కొంతైనా తిరిగొస్తుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువే.

వాదించాక ఎస్‌ఎస్‌డీ డబ్బులు తిరిగిచ్చారు. విండోస్‌వి, సర్వీసువి మాత్రం ఇవ్వం అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, తెలుగులోనే తీసుకున్నారు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి వెబ్‌సైటులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు.