‘రెడ్ రెడ్ వైన్’ సింగిల్: చాలా ఏళ్లు విన్న తరువాత

బ్రిటన్‌కు చెందిన రెగ్గే (జమైకాలో పుట్టిన సంగీతం) బృందం యూబీ40 పాడిన ‘రెడ్ రెడ్ వైన్’ ఏడంగుళాల సింగిల్ రికార్డు చాలా ఏళ్లుగా నా దగ్గర ఉంది. ఇది ఎంత పెద్ద హిట్టో అందరికీ తెలిసిందే కనుక నేరుగా నా ఫిర్యాదుకే వస్తాను. ఈ రికార్డులో పాట పూర్తిగా లేదు. ఆల్బమ్‌లో ఐదు నిమిషాలకు పైగా సాగే పాటను సింగిల్ కోసం సుమారు మూడు నిమిషాలకు కుదించారు. ఆ కుదింపులో పోయింది బృంద సభ్యుడు ఆస్ట్రో పలికిన టోస్టింగ్, అంటే లయ మీద పాటలా సాగే మాటల వరస, మొత్తం. నా మటుకు నాకు ఈ పాటకు ప్రాణం అక్కడే ఉంది, అందుకే ఇన్నేళ్ల తరువాత కూడా ఈ కోత మీద నా కోపం తగ్గలేదు.

టోస్టింగ్ రెగ్గేకు పైపూతగా అద్దిన అలంకారమని కొందరు అనుకుంటారు, కానీ అది కాదు. జమైకా వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లతో సౌండ్ సిస్టమ్‌లు నడిపినవాళ్లు, పాట లేకుండా వాయిద్యాలు మాత్రమే వినిపించే వైపుకు రికార్డును తిప్పి, మైకు పట్టుకుని, లయ తప్పకుండా అప్పటికప్పుడు మాటలు అల్లుతూ జనాన్ని ఊపేసేవారు. 1970లో యూ-రాయ్ అనే టోస్టర్ రికార్డులు మూడు ఒకే సమయంలో జమైకా చార్టులో మొదటి మూడు స్థానాలనూ ఆక్రమించాయంటే ఆ కళకు అక్కడ ఎంత గౌరవం ఉండేదో ఊహించవచ్చు. బుర్రకథలో కథకుడిని మాత్రం ఉంచి, పక్కన వంత పలికే ఇద్దరినీ వేదిక దింపేస్తే కథ ఎలా వినిపిస్తుందో, ఈ సింగిల్ నాకు అలాగే వినిపిస్తుంది.

ఉన్నంతవరకు మాత్రం పాట చక్కగా ఉంది, అది కాదనను. ఎర్ల్ ఫాల్కనర్ వాయించిన బాస్ (లోతైన అడుగు స్వరాలు) నింపాదిగా నడుస్తూ పాట బరువంతా మోస్తుంది. గిటారు, కీబోర్డు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పొట్టిగా, తెగినట్టు పడి, మిగిలిన చోటంతా బాస్‌కే వదిలేస్తాయి. ఆ ఖాళీలో అలీ క్యాంప్‌బెల్ కాస్త ముక్కుతో పాడే గొంతు తేలికగా తేలుతుంది. అమెరికన్ గాయకుడు నీల్ డైమండ్ 1967లో రాసుకుని నెమ్మదైన విషాద గీతంగా పాడిన పాట ఇది. 1969లో జమైకా గాయకుడు టోనీ ట్రైబ్ దానిని రెగ్గే లయలోకి తెచ్చాడు. యూబీ40 వారికి తెలిసిన పాట టోనీ ట్రైబ్‌ది. రచయిత పేరు ఎన్. డైమండ్ అని కనిపిస్తే, నీగస్ డైమండ్ అనే జమైకన్ ఎవరో రాశాడని తాము అనుకున్నామని ఆస్ట్రో తరువాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఆ నమ్మకం వల్లనేనేమో, పాత అమెరికన్ పాటను అరువు తెచ్చుకున్న బెరుకు ఈ రికార్డులో ఎక్కడా లేదు.

నాకు పూర్తి పాట పరిచయమైన సందర్భాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. నేను ఉండేది బర్మింగ్‌హామ్‌లో. ఈ బృందం పుట్టినది కూడా ఇక్కడే. నాతో పనిచేసే ఒకాయన తల్లిదండ్రులు జమైకా నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడినవారు. వాళ్లమ్మగారి పుట్టినరోజుకు మమ్మల్ని కుటుంబసమేతంగా భోజనానికి పిలిచారు. ముందు గదిలో ఈ పాట ఉన్న ఆల్బమ్ ‘లేబర్ ఆఫ్ లవ్’ ఎల్పీ తిరుగుతోంది. వంటింటి గుమ్మం దగ్గర ఆ పెద్దావిడ, కొబ్బరిపాలతో, రాజ్మాతో వండిన అన్నాన్ని గరిటెతో పళ్లాలలోకి సర్దుతున్నారు. ‘రెడ్ రెడ్ వైన్’ మొదలైంది. ప్రతి మలుపూ కంఠతా వచ్చిన పాట కనుక నేను మాటల్లో పడి పెద్దగా పట్టించుకోలేదు. నా రికార్డులో స్వరం సన్నగిల్లి మాయమయ్యే చోటు వచ్చింది. ఇక్కడ సన్నగిల్లలేదు. బాస్ అదే నడకతో ముందుకు సాగింది, దాని మీద ఇంకొక గొంతు, పాడుతున్నదా మాట్లాడుతున్నదా తేల్చుకోలేని గొంతు, హుషారుగా దూసుకొచ్చింది. నేను మాట ఆపి అటు తిరిగేసరికి ఆ పెద్దావిడ గరిటెను గిన్నె అంచుకు ఆనించి, ఆస్ట్రోతో సమానంగా, అదే వేగంతో, అదే యాసతో మొదటి నుంచి చివరి దాకా పలుకుతున్నారు. ఒక్క మాట దగ్గర కూడా తడబడలేదు. మనవలు చప్పట్లతో తాళం వేశారు. ఇది నా రికార్డులో ఎందుకు లేదని నా స్నేహితుడిని అడిగితే, రేడియో వాళ్లకు పొట్టి పాట కావాలి కదా అన్నాడు.

ఆ రోజు నాకు అర్థమైనది మరొకటి ఉంది. విరహాన్ని మద్యంలో ముంచి మరిచిపోవాలని చూసే నాయకుడు తెలుగువాళ్లకు కొత్తవాడు కాడు కనుక, సింగిల్ విన్నంతకాలం నేను దీనిని కూడా ఆ కోవలోని విషాద గీతంగానే విన్నాను. మూడు నిమిషాల పాట ఆ నాయకుడిని బాధలోనే వదిలేసి ముగుస్తుంది. పూర్తి పాటలో ఆస్ట్రో వచ్చి అదే వైన్‌ను పొగుడుతూ, అది తనకు ఎంత హాయినిస్తున్నదో చెబుతూ, నెమ్మదిగా ఊగుతూ వింటున్నవాళ్లను లేచి ఆడేలా చేస్తాడు. ఒంటరిగా కూర్చుని తాగుతున్నవాడి చుట్టూ నలుగురు చేరినట్టవుతుంది. ఇంత పెద్ద మార్పును రెండు నిమిషాల నిడివి కోసం వదులుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వ్యాపారపరంగా చూస్తే నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం ఉంది, దాన్ని దాచను. 1983లో బ్రిటన్ చార్టులో మూడు వారాల పాటు మొదటి స్థానంలో నిలిచినది ఈ కోసిన సింగిలే. అక్కడి శ్రోతలకు మూడు నిమిషాలే సరిపోయాయి. అమెరికాలో మాత్రం కథ వేరుగా నడిచింది. 1984లో సింగిల్ అక్కడ 34వ స్థానం వరకు వెళ్లి ఆగిపోయింది. 1988 జూన్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన నెల్సన్ మండేలా 70వ జన్మదిన కచేరీలో బృందం ఈ పాటను వినిపించింది. ఆ తరువాత ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలోని కేజడ్‌జడ్‌పీ రేడియోలో కార్యక్రమాల బాధ్యత చూసే గై జాపోలియన్ దీనిని మళ్లీ ప్రసారంలో పెట్టాడు, అదీ టోస్టింగ్‌తో కూడిన పూర్తి పాటను. ఆదరణ చూసి ఏ అండ్ ఎమ్ రికార్డు సంస్థ పాటను మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చింది. 1988 అక్టోబర్ 15 నాటి బిల్‌బోర్డ్ చార్టులో అది మొదటి స్థానానికి చేరింది. కొత్త పాటలకే చోటు చాలని చార్టులో, ఒకసారి మధ్యలోనే చతికిలబడిన పాట నాలుగేళ్ల తరువాత శిఖరానికి ఎక్కడం మామూలు విషయం కాదు. ఆ ఘనతంతా ఆస్ట్రో గొంతుదేనని అనడం తొందరపాటు అవుతుంది. మండేలా కచేరీ బలం ఉంది, ఒక రేడియో మనిషి పట్టుదల ఉంది. అయినా నిడివి ఎక్కువైతే రేడియో శ్రోత విసుగు చెందుతాడన్న లెక్క ఆ ఏడాది అమెరికాలో నిలబడలేదన్నది వాస్తవం.

రెగ్గే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన మిత్రులకు ఒకప్పుడు ఈ సింగిల్‌నే సూచించేవాణ్ణి. ఇప్పుడు సూచించినా వెంటనే ఇంకొన్ని మాటలు చేరుస్తాను. ఈ రికార్డు తీపి ఎక్కువైన రెగ్గే. నిరుద్యోగ భృతి దరఖాస్తు ఫారం పేరునే తమ పేరుగా పెట్టుకుని, 1981లో ‘వన్ ఇన్ టెన్’ లాంటి పాటతో పనిలేని యువకుల గోడును వినిపించిన బృందం ఇదేనని ఈ ఒక్క సింగిల్ విన్నవారికి తట్టదు. బాస్ గురించి నేను చేసే పొగడ్తకు కూడా ఒక షరతు ఉంది: ఫోన్ స్పీకర్‌లో విన్నవారికి నేను చెబుతున్నది వినిపించనే వినిపించదు.

వస్తువుగా రికార్డు బాగానే మన్నింది. నా కాపీ మధ్య రంధ్రం జూక్‌బాక్స్ కోసం పెద్దది చేసినది కనుక ప్లాస్టిక్ అడాప్టర్ లేకుండా ప్లేయర్ మీద నిలవదు. ఆ అడాప్టర్ ఒకసారి ఇంట్లో ఎక్కడో పడిపోతే దొరికేవరకు రికార్డు షెల్ఫులోనే ఉండిపోయింది. మొదట్లో కాస్త చిటపట తప్ప ముల్లు ఎక్కడా ఎగరదు.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి అందరిదీ కాదు. నేనుండే ఊళ్లో పాత రికార్డులు సులువుగా దొరుకుతాయి, ఈ పాటతో నాకు మనుషుల పరిచయం కూడా ముడిపడి ఉంది, కాబట్టి సింగిల్‌ను అమ్మే ఆలోచన లేదు. మా పిల్లలకు కారులో మూడు నిమిషాల పాటే నచ్చుతుంది కూడా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, ఒక్క రికార్డు కోసం విదేశం నుంచి తెప్పించుకునేవారైతే ‘లేబర్ ఆఫ్ లవ్’ ఎల్పీ తెప్పించుకోవడం మేలు. ఫోన్‌లో వినేవారు పాట పేరు పక్కన నిడివి చూసి, ఐదు నిమిషాలు దాటినదానినే ఎంచుకుని, వీలైతే మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.