సేఫ్ జోన్ ట్రైనింగ్: రోల్ ప్లే అదుర్స్, కానీ రావాల్సినవాళ్ళే రాలేదు

మా యూనివర్సిటీలో స్టాఫ్‌కీ స్టూడెంట్స్‌కీ కలిపి సేఫ్ జోన్ ట్రైనింగ్ పెడితే వెళ్ళొచ్చాను. తోటి ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్) స్టూడెంట్స్‌కి ఎలా అండగా ఉండాలనేది టాపిక్. నా రేటింగ్ ఐదుకి మూడున్నర.

మెటీరియల్ సొంతంగా రాసుకున్నది కాదు, 2013లో మొదలైన సేఫ్ జోన్ ప్రాజెక్ట్ వాళ్ళది నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది కదా, ఆ రెండు గంటల కోర్సునే కాస్త మార్చుకున్నారు. అదే నయం, లేకపోతే ఎవరో ఒకరు మైక్ పట్టుకుని మానవతా విలువల మీద ఉపన్యాసం దంచేవాళ్ళు. పేరు రాయకుండా చీటీ మీద డౌట్ రాసిచ్చే పద్ధతి మాత్రం భలే పనిచేసింది, నోరు విప్పి అడగలేనివన్నీ బయటికొచ్చాయి. ఒక చీటీలో "ఇది జబ్బే కదా, ట్రీట్‌మెంట్ ఇప్పిస్తే పోదా" అని ఉంది. హాల్లో కొందరు నవ్వారు కానీ ట్రైనర్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే హోమోసెక్సువాలిటీని మానసిక రోగాల లిస్టులోంచి తీసేసిందని, డబ్ల్యూహెచ్ఓ 1990 మే 17న తీసేసిందని, ట్రాన్స్ వాళ్ళ విషయాన్ని కూడా 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో (డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ రోగాల లిస్టు) మానసిక రోగాల చాప్టర్ నుంచి బయటికి తెచ్చారని చెప్పి నెక్స్ట్ చీటీ తీశారు. అంతే, క్లాస్ పీకలేదు.

అసలు విషయం సెకండ్ హాఫ్‌లో ఉంది. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఒకళ్ళు "నేను గే" అని చెప్తే రెండోవాళ్ళు ఏమంటారో అనమన్నారు. మంచివాళ్ళ నోటినుంచే ఎంత చెత్త వస్తుందో చూడాలి! "నిజంగానా, కన్ఫర్మా?" అని ఒకళ్ళు, "నాకు ముందే డౌటు" అని ఇంకొకళ్ళు, "నన్ను మాత్రం అలా చూడకురా" అని మరొకడు. "చెప్పినందుకు థాంక్స్ రా, ఇంకా ఎవరికి తెలుసు, నేనెవరికీ చెప్పను" అనడానికి జనానికి చాలా టైం పట్టింది. ఒక లెక్చరర్ గారైతే రోల్ ప్లేలో వెంటనే "మీ పేరెంట్స్‌కి ఫోన్ చేస్తానమ్మా, మాట్లాడి ఒప్పిస్తా" అన్నారు, పాపం సాయం చేద్దామనే. ఇంట్లో తెలిస్తే ఆ పిల్ల ఫీజు ఆగిపోవచ్చు, చదువే మాన్పించొచ్చు అని ట్రైనర్ ఆపి చెప్పాక ఆయన మొహం మారిపోయింది. కౌన్సెలర్ దగ్గరికి పంపాలన్నా ముందు ఆ స్టూడెంట్‌ని అడగాలి, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి అయితేనే వేరే సంగతి. ఇది స్లైడ్ మీద చదివితే ఎక్కదు, అక్కడ కూర్చుని తప్పుగా అని చూస్తేనే ఎక్కుతుంది.

ఇక మార్కులు ఎక్కడ కోశానంటే, ఫస్ట్ హాఫ్ మొత్తం డెఫినిషన్లే, రేపేదో పరీక్ష ఉన్నట్టు. మధ్యలో ఒక ట్రాన్స్ స్టూడెంట్‌ని "మీ స్టోరీ షేర్ చేసుకుంటారా" అని అందరి ముందు అడగడం అస్సలు బాలేదు, ముందుగా విడిగా అడగొచ్చు కదా, కాదనడానికి వీలుండేది. అన్నిటికన్నా పెద్ద కంప్లైంట్, వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది ఆల్రెడీ సపోర్ట్ చేసేవాళ్ళే. హాస్టల్ వార్డెన్, ఎగ్జామ్ సెక్షన్ క్లర్కు, గేటు దగ్గర సెక్యూరిటీ, వీళ్ళెవర్నీ పిలవలేదు. ఐడీ కార్డు మీద ఫొటోకీ మనిషికీ పొంతన లేదని ట్రాన్స్ స్టూడెంట్స్‌ని పది మందిలో నిలబెట్టి ప్రశ్నలేసేది లెక్చరర్ కాదు, గేటు దగ్గరే కదా! అటెండెన్స్‌లో పాత పేరు పిలవకుండా ఉండాలంటే సిస్టమ్‌లో మార్చేది ఎవరో కూడా ఎవరూ చెప్పలేదు.

చివర్లో కూర్చున్నవాళ్ళందరికీ, ఫోన్ చూసుకుంటూ గడిపినవాళ్ళతో సహా, ఇక్కడ భయం లేకుండా మాట్లాడొచ్చనే గుర్తుగా రూమ్ తలుపుకి అంటించుకోమని రెయిన్‌బో స్టిక్కర్ ఇచ్చేశారు. ఆ స్టిక్కర్ చూసి ధైర్యం చేసి తలుపు కొట్టే పిల్లల సంగతేంటి మరి? రోల్ ప్లే చేసినవాళ్ళకే ఇస్తే సరిపోయేది.

నెక్స్ట్ బ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళు మొదటి గంటకి లేటయినా ఫర్వాలేదు గానీ, టీ బ్రేక్ తర్వాత మాత్రం జారుకోకండి, వీలైతే మీ వార్డెన్ గారి పేరు కూడా మీరే రిజిస్టర్ చేసేయండి.