శ్రీకాకుళంలో రొమ్ము బయాప్సీ: పై గదికి ఐదు, కింద కౌంటర్‌కి రెండు

శ్రీకాకుళంలోనే ఒక స్కానింగ్ సెంటర్‌లో నాకు రొమ్ము బయాప్సీ, అంటే గడ్డలోంచి సూదితో చిన్న ముక్కలు తీసి పరీక్షించడం, చేశారు. సెంటర్ పేరు రాయను, కొంచెం తిట్టాల్సింది కూడా ఉంది కాబట్టి. మేడ మీద బయాప్సీ చేసేవాళ్లకి ఐదుకి ఐదు ఇస్తాను. కింద కౌంటర్‌కి రెండు ఇవ్వడం నా మంచితనం.

నాకు 43 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టర్ని. ఎడమ రొమ్ములో చంక వైపు చిన్న గడ్డ చేతికి తగిలింది. సర్జన్‌కి చూపిస్తే మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రెండూ తీయించారు. రిపోర్టు అడుగున ‘బైరాడ్స్ 4ఎ’ అని ఉంది. అది చూసి మా డ్రైవరన్న నాలుగో స్టేజీ అనుకుని మొహం మాడ్చేశాడు. దీనికీ స్టేజీకీ సంబంధమే లేదు. స్కాన్‌లో కనిపించినదాన్ని బట్టి అనుమానం ఎంతో చెప్పే అంకె అది. 3 అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలలకి మళ్లీ స్కాన్ చేసి చూస్తారు. 4ఎ అంటే 2 నుంచి 10 శాతం మధ్య. 5 అంటే 95 శాతం, ఆపైన. 4 వచ్చిందంటే ముక్క తీసి తేల్చుకోవాల్సిందే.

‘వైజాగ్ ఎల్లిపో, ఇక్కడెందుకు’ అని చుట్టాలంతా ఒకటే పోరు. నేను మా సర్జన్ మాట విన్నాను. గడ్డ అల్ట్రాసౌండ్‌లో బాగా కనిపిస్తోంది కాబట్టి, అనుభవమున్న రేడియాలజిస్టు ఉంటే ఇక్కడ చేయించుకున్నా ఒకటే అన్నారు. మామోగ్రామ్‌లో మాత్రమే కనబడే సన్న సున్నపు చుక్కలైతే కథ వేరు. వాటికి మామోగ్రామ్ సాయంతో గురి చూసి చేసే మెషిన్ కావాలి, అలాంటప్పుడు వైజాగ్ ప్రయాణం తప్పకపోవచ్చు.

ముందు కౌంటర్ సంగతి. హాలు నిండా జనం, సగం మంది మగాళ్లు. కౌంటర్ కుర్రాడు లేచి నిలబడి ‘బ్రెస్ట్ బయాప్సీ ఎవరండీ?’ అని కేకేశాడు. బస్సు నిండా జనంలో గొంతు చించుకునే ఉద్యోగం నాది, నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా పక్కన కూర్చున్న చిన్న పిల్ల, పెళ్లి కూడా కాలేదు, చున్నీ మొహం మీదకి లాక్కుంది. టోకెన్ నంబర్ పిలిస్తే ఏం పోయింది? బిల్లు కూడా ముందే వివరంగా అడగండి. బయాప్సీకి వేరే, ల్యాబ్ పరీక్షకి వేరే కట్టాలని నాకు ఒక కాగితం కట్టాక రెండో కాగితం ఇచ్చినప్పుడు తెలిసింది.

పైకి వెళ్తే వేరే లోకం. రేడియాలజిస్టు మేడం ముందు కూర్చోబెట్టి మాట్లాడారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నానా, ఏ మందైనా పడదా, ఇదివరకు పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగకుండా కారిందా అని అడిగారు. ఆ మాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఆపేయొద్దు, ఇచ్చిన డాక్టర్‌నే అడగాలి అని గట్టిగా చెప్పారు. సంతకం పెట్టాల్సిన కాగితం ఇంగ్లీషులో ఉంటే నర్సమ్మ దాన్ని తెలుగులో చదివి చెప్పింది. కడుపు మాడ్చుకుని రానక్కర్లేదు, ఇది పూర్తి మత్తు కాదు, అక్కడికక్కడే తిమ్మిరెక్కిస్తారు. పౌడరు, సెంటు మాత్రం రాసుకోకుండా రమ్మన్నారు. ముందు గుండీలున్న జాకెట్టో చొక్కానో వేసుకుంటే సుఖం.

మా వదిన నాతో వచ్చింది. ‘సూది గుచ్చితే గడ్డ చెదిరి ఒళ్లంతా పాకుతాదట కదా మేడం’ అని ఆవిడే అడిగేసింది. మేడం విసుక్కోలేదు. బయాప్సీ వల్ల జబ్బు ముదిరి ప్రాణం మీదకి వస్తుందన్నది నిజం కాదని, ఈ భయంతోనే చాలామంది నెలల తరబడి ఆగిపోయి ఆలస్యంగా వస్తున్నారని చెప్పారు. సన్న సూదితో లాగి చూసే ఎఫ్.ఎన్.ఎ.సి. చాలదా అని నేనడిగాను. అందులో విడి కణాలే వస్తాయట. నాకు చేసే కోర్ బయాప్సీలో గడ్డ ముక్కే వస్తుంది కాబట్టి గడ్డ ఏ రకమో, ఒకవేళ క్యాన్సరైతే చుట్టూ చొచ్చుకుపోయిందో లేదో కూడా తెలుస్తుంది. మందులు ఎంచడానికి చేసే హార్మోన్ పరీక్షలు, హెర్-2 పరీక్ష కూడా ఆ ముక్కలతోనే చేస్తారు.

గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ భుజం కింద చిన్న దిండు పెట్టి, చెయ్యి తల మీదకి పెట్టించారు. ‘అప్పా, బయపడకు. మత్తు సూది సురుక్కుమంటాది, ఆ తర్వాత ఏటీ తెలీదు’ అంది నర్సమ్మ (మా వైపు అక్కని అప్ప అంటారు). అక్షరాలా అంతే. మొత్తంలో నొప్పి అంటే ఆ మత్తు సూదే, అదీ కాసేపు మంట. తర్వాత చర్మం మీద చిన్న గాటు పెట్టారు, అది తెలియనే లేదు. ముక్క తీసే సూది ఉన్న బయాప్సీ గన్ లోపల పెట్టే ముందు మేడం దాన్ని ఓసారి గాల్లో నొక్కి చప్పుడు వినిపించారు. పాత రోజుల్లో మేం టికెట్లకి చిల్లు పెట్టే పంచ్ ఎలా టక్కుమనేదో అదే చప్పుడు. ముందు వినిపించడం చిన్న విషయమే, కానీ అది వినకపోతే మొదటిసారి ఉలిక్కిపడి కదిలిపోయేదాన్ని. నొక్కే ప్రతిసారీ ‘ఇప్పుడు’ అని చెప్పి నొక్కారు. లోపల ఎవరో తోసినట్టుంటుంది, నొప్పి కాదు. నాలుగైదు సన్న ముక్కలు తీసి, అవి పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో వేశారు. సీసా మీద నా పేరు, ‘ఎడమ’ అని రాసి, సరిగ్గా ఉందో లేదో నా చేతే చదివించారు. ఇది నాకు బాగా నచ్చింది. స్క్రీన్ నా వైపు తిప్పుతాను, చూస్తారా అంటే వద్దన్నాను.

తర్వాత నర్సమ్మ పది నిమిషాలకి పైగా అరచేత్తో గట్టిగా అదిమి పట్టింది. కుట్లు లేవు, చిన్న టేపు అంటించారు అంతే. గదిలోకి వెళ్లి బయటికొచ్చేసరికి గంట కూడా పట్టలేదు.

బయటికి పంపేటప్పుడు తెలుగులో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చారు, రాత్రి ఫోన్ చేయడానికి నంబర్‌తో సహా. గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టి తీయడం, ఆ రోజు రాత్రి కూడా బిగుతైన బ్రా తీయకుండా పడుకోవడం, నొప్పి ఉంటే పారాసెటమాల్ వేసుకోవడం, డాక్టర్‌ని అడగకుండా ఆస్పిరిన్ జోలికి పోకపోవడం, మర్నాటి దాకా తడి తగలనివ్వకపోవడం అందులో ఉన్నాయి. బరువులెత్తొద్దు అని కూడా రాశారు. బరువు అంటే నీళ్ల బిందె, తడి బట్టల బకెట్, గ్యాస్ బండ, చంటిపిల్ల కూడా అని నర్సమ్మ విడమర్చి చెప్పింది. లేకపోతే మన ఆడవాళ్లు బిందెని బరువుల్లో లెక్కేస్తారా!

ఆ కాగితంలో లేనిదొకటి నేను చెప్తాను. మత్తు దిగాక సలుపు మొదలవుతుంది, మర్నాటికి కమిలి నల్లగా, తర్వాత పసుపుపచ్చగా మారుతుంది. నాకు కమిలింది అరచేయంత ఉంది. రాత్రి కంగారుపడి ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే తీశారు. వాపు పెరుగుతోందా, అదిమినా రక్తం ఆగట్లేదా, జ్వరం, ఎర్రదనం, చీము ఉన్నాయా అని అడిగారు. ఏదైనా ఉంటే వెంటనే రమ్మని, లేదంటే కమిలింది దానంతటదే పోతుందని చెప్పారు. అలాగే పోయింది.

డ్యూటీ సంగతి: క్యాష్ బ్యాగు పట్టీ సరిగ్గా ఆ చోటు మీదుగానే వెళ్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక రాజాం, పాలకొండ బస్సుల్లో నిలబడే జాగా కూడా దొరకట్లేదు, మోచేతులు తగలని ట్రిప్పు ఉండదు. ఆఫీసులో కూర్చునేవాళ్లు మర్నాడే వెళ్లగలరు. నాలాంటి పనైతే ఇంకొన్నాళ్లు సెలవు పెట్టండి, లేదా పట్టీ రెండో భుజానికి మార్చండి.

రిపోర్టుకి వారం దాకా పట్టొచ్చు అన్నారు. సూది కంటే ఈ రోజులే కష్టం. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు, టెన్షన్. బయాప్సీ చేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదని మేడం చెప్పిన మాటే పట్టుకుని గడిపాను. తీరా రిపోర్టు వచ్చాక కౌంటర్ కుర్రాడే కవరు చించి, చదివి, ‘నెగటివే అప్పా, ఎల్లిపోండి’ అన్నాడు. మంచి వార్తే, కాదనను. నా ముందు నిల్చున్నావిడకి చెడ్డ వార్త అయ్యుంటే? అసలు ఆ కాగితంలో నెగటివ్, పాజిటివ్ అని లేదు. నాకు ఫైబ్రోఅడినోమా అని ఉంది, అంటే క్యాన్సర్ కాని గడ్డ. అది కూడా సర్జన్ చూసి, స్కాన్‌లో కనిపించినదానికీ ముక్కల్లో తేలినదానికీ పొంతన కుదిరిందా లేదా చూడాలి. కుదరకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. నాకు కుదిరింది, ఆరు నెలలకి అల్ట్రాసౌండ్ చేయించుకోమన్నారు.

క్యాన్సర్ అని తేలితే అప్పుడు వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్లొద్దు. మీ ముక్కల్ని మైనంలో పోసి చేసిన బ్లాకులు, గాజు స్లైడులు ల్యాబ్‌లో ఉంటాయి. వాటిని రాసి అడిగి తీసుకోండి. వాటి మీదే రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, మిగతా పరీక్షలూ చేయించవచ్చు. ఇక్కడ ల్యాబ్ వాళ్లు అడిగితే ఇస్తామన్నారు, వాళ్లంతట వాళ్లు మాత్రం చెప్పరు.

తోడు ఆడమనిషిని తీసుకెళ్లండి, బట్టలు మార్చుకునే గది తలుపుకి గడియ లేదు. లిఫ్టు ఉంది. రేడియాలజిస్టు మేడం రోజూ ఉండరు, ఫోన్ చేసి ఆవిడ వచ్చే రోజు కనుక్కుని అపాయింట్‌మెంట్ తీసుకోండి.