మొదటి ఉద్యోగంలో ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: ఏడాది వాడకం తర్వాత

నాకు చూపు లేదు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో ఏడాది క్రితం చేరాను; నా పనంతా తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ మీదే నడుస్తోంది. అంధుడైన మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కరలేదు, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి కూడా నడుస్తుంది.

అయినా అది నా చేతికి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయదు, కొత్త సాఫ్ట్‌వేర్‌కు అనుమతి కావాలి. ఐటీ విభాగం భద్రతా పరిశీలన అంటే, హెచ్ఆర్ వారు అది ఐటీ పని అన్నారు. ప్రొబేషన్ రోజులు కరిగిపోతుంటే, నాకు వచ్చిన పనిని పక్క సీటు సహోద్యోగి చదివి వినిపిస్తేగానీ చేయలేక కూర్చోవడం ఎంత బాధాకరమో మాటల్లో చెప్పలేను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలంటోంది. ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే సహాయక పరికరాల ఏర్పాటును కూడా అందులో రాయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆ విధానం కాపీ ఇవ్వమని మెయిల్ పెట్టాకే అనుమతి వచ్చింది. ఇన్‌స్టాల్ చేయడానికి పట్టింది కొన్ని నిమిషాలే.

ఎక్సెల్‌లో దీని పనితనం నాకు పూర్తి తృప్తినిచ్చింది. గడి చిరునామా, అందులోని అంకె, సూత్రం ఉంటే ఆ సంగతి, అన్నీ చెబుతుంది. వెబ్ పేజీలో హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లవచ్చు. దీంతోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు మాత్రం మరీ యాంత్రికంగా ఉంటుంది, అలవాటు పడాలి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు సర్క్యులర్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర సంకేతాలు) కావు కనుక అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తాయి. స్కాన్ చేసిన బిల్లులను బొమ్మలోని అక్షరాలను గుర్తించే విండోస్ ఓసీఆర్ సాయంతో చదివించవచ్చు గానీ, నిలువు వరసలు కలిసిపోతుంటాయి కనుక అంకెలను మరొకరితో సరిచూసుకోక తప్పదు.

మా సెలవుల పోర్టల్‌లో బొమ్మలే తప్ప పేర్లు లేని మీటలు ఎక్కువ. నాకు వినిపించేది “బటన్, బటన్” అనే. లోపం పోర్టల్‌ది, ఎన్‌వీడీఏది కాదు. రెండు మీటలకు పేర్లు పెట్టించగలిగాను, మిగిలినవాటికి ఇంకా అడుగుతున్నాను. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాలన్నా, ఆ సంగతి ముందు పక్క సీటువారికి చెప్పుకోవాల్సి వస్తోంది.