సీజన్ చివర్లో టెక్సాస్ జింకల వేట: లానో వైపా, కొటుల్లా వైపా?

టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకల వేటకు జనం ఎగబడేది నవంబర్‌లో. మనవాళ్లకు సెలవులు దొరికేది డిసెంబర్ ఆఖర్లో. అప్పుడు కొత్త ప్రాంతానికి వెళ్లాలనుకుంటే ముందుగా తెలుసుకోవలసింది అక్కడ జింకల ఎదకాలం ఎప్పుడన్నది. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

మధ్య టెక్సాస్‌లోని కొండ ప్రాంతమైన హిల్ కంట్రీలో, అంటే లానో, మేసన్ చుట్టుపక్కల, ఎద నవంబర్ మధ్యలో జోరుగా సాగి చల్లారిపోతుంది. డిసెంబర్ చివరికి మగజింకలు చిక్కిపోయి, తుపాకుల మోతకు బెదిరి, చీకటి పడితే గానీ మేతకు రావు. దక్షిణాన కొటుల్లా, లరెడో వైపు ముళ్లపొదల నేలలో మాత్రం అదే ఎద డిసెంబర్ రెండో సగంలో ఊపందుకుంటుంది. మధ్యాహ్నం పూట కూడా పెద్ద మగజింక ఆడదాని వెంటపడి దారి దాటుతుంది. పెద్ద కొమ్ములు కావాలంటే దక్షిణమే. మాంసం చాలు, ఖర్చు తగ్గాలి, ఇదే మొదటి వేట అనుకునేవాళ్లకు లానో మేలు. గడువు కూడా దక్షిణానికే ఎక్కువ: జనరల్ సీజన్, అంటే తుపాకీతో వేటాడే ప్రధాన సీజన్, లానో ఉన్న ఉత్తర జోన్‌లో జనవరి మొదటి ఆదివారంతోనూ, కొటుల్లా ఉన్న దక్షిణ జోన్‌లో మూడో ఆదివారంతోనూ ముగుస్తుంది.

హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి పాతది పనికిరాదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు చవగ్గా ఉందని 5 రోజుల లైసెన్స్ కొనకండి, అది జింకలకు వర్తించదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయవచ్చు.

ఇక్కడ నేల 95 శాతానికి పైగా ప్రైవేటుది. అందువల్ల వేట ఎలా సాగుతుందన్నది రాంచ్ యజమానితో కుదుర్చుకునే మాట మీదే ఉంటుంది. మనకిచ్చే బ్లైండ్‌లో, అంటే జింకకు కనబడకుండా కూర్చునే గూడులో, ఈ సీజన్‌లో ఇప్పటికే ఎంతమంది కూర్చున్నారని అడగండి. ఫొటోలకన్నా ఆ జవాబే ఎక్కువ చెబుతుంది. గాయపడి దొరకని జింకకు డబ్బు కట్టాలా అన్నది రాతలో తీసుకోండి. చాలా కౌంటీల్లో మగజింకకు ఒక కొమ్మైనా చీలకుండా ఉండాలి, లేదా కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి. చెవులు నిక్కబొడిచినప్పుడు వాటి కొసల మధ్య దూరం సుమారుగా అంతే. రెండు కొమ్ములూ చీలి ఉండి, చెవులు దాటి కనబడకపోతే కాల్చవద్దు.

గాలి సంగతి చాలామంది వదిలేస్తారు. మామూలు రోజుల్లో గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది, చలిగాలి దిగిన రోజు ఉత్తరం నుంచి. జింకలు పగలే మేతకు కదిలేది ఆ చలిరోజుల్లోనే. కానీ ఉన్న ఒక్క బ్లైండ్ జింకలు నడిచే దారికి ఉత్తరాన ఉంటే మన వాసన నేరుగా వాటి ముక్కుకే చేరుతుంది. అందుకని దారికి దక్షిణాన ఒకటి, వాయవ్యాన ఒకటి, రెండు బ్లైండ్‌లున్న రాంచ్ చూసుకోవాలి. సీజన్ చివర్లో ఫీడర్, అంటే జింకలకు గింజలు చల్లే డబ్బా, మీదే కళ్లు పెట్టుకోవడం దండగ. పొదల్లోంచి ఫీడర్ వైపు వచ్చే కాలిబాట మీద, ఓ వంద గజాలు వెనక్కి, సాయంత్రం కూర్చోవాలి.

బస రాంచ్‌లోనే మంచిది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు కాబట్టి మోటల్ నుంచి రావాలంటే చీకట్లో, జింకలు అడ్డుపడే రోడ్ల మీద కారు నడపాలి. కొటుల్లాలో మోటళ్లు చమురు పనివాళ్లతో నిండిపోవడమూ మామూలే. రాంచ్‌లో బస ఇచ్చే బంక్‌హౌస్‌లో హీటర్ పనిచేస్తుందో లేదో ముందే అడగండి. దిగిన రోజే వంద గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి చూడాలి. ప్రయాణపు కుదుపులకు తుపాకీ మీది స్కోప్, అంటే గురిచూసే దుర్భిణి, కదిలిపోవచ్చు.

దక్షిణాన డిసెంబర్‌లోనూ మధ్యాహ్నాలు 27 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. మాంసం పాడయ్యేది అక్కడే. చంపిన జింకకు లైసెన్స్ ట్యాగ్ కట్టిన వెంటనే పేగులు తీసి, ఖాళీ అయిన కడుపులో ఐస్ సంచులు పెట్టాలి. రాంచ్‌లో కోల్డ్ రూమ్ ఉంటే అది గదికన్నా విలువైన సదుపాయం. లేకపోతే కూలర్‌లో నీరు బయటికి పోయే రంధ్రం తెరిచే ఉంచండి, మాంసం నీళ్లలో నానితే రంగూ రుచీ పోతాయి. మాంసం కోసిచ్చే ప్రాసెసర్ దగ్గర సెలవుల్లో బాగా ఆలస్యం కావచ్చు. సాసేజ్ చేయించేటట్టయితే మన జింక మాంసాన్నే విడిగా చేసిస్తారా, అందరిదీ కలిపి చేస్తారా అని ముందే అడగండి. కలిపేచోట మనం ఎంత జాగ్రత్తగా చల్లబరిచినా, వేరేవాళ్లు ఎండలో వదిలేసిన మాంసం మన పొట్లంలోకి వస్తుంది.