పాత డెస్క్‌టాప్‌లో క్రోనీ: నాలుగేళ్ళ వాడకం తర్వాత

క్రోనీ అంటే నెట్‌లోని సర్వర్లను అడిగి కంప్యూటర్ గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాం. దాని దాకా ఎలా వచ్చానో చెప్తాను. మా ఇంట్లో ఉబుంటు (ఒక రకం లినక్స్) నడిచే డెస్క్‌టాప్‌కి ఓ వింత జబ్బు ఉండేది. పొద్దున ఆన్ చేస్తే, రాత్రి నేను షట్‌డౌన్ చేసినప్పటి టైమే చూపించేది. కంప్యూటర్లోని ఓటీపీ యాప్ ఇచ్చే కోడ్ ఎక్కడా చెల్లేది కాదు. సాఫ్ట్‌వేర్ జాబితాను తాజా చేసే ఆప్ట్ అప్‌డేట్ కమాండ్ కొడితే, సర్వర్లోని రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదని మొండికేసేది. చేత్తో టైము సరిచేసుకుంటూ నెల రోజులు నెట్టుకొచ్చాను.

గడియారం సంగతి చెప్పే టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌ని అడిగితే, ఎన్‌టీపీ (నెట్ ద్వారా టైము సరిచూసుకునే పద్ధతి) సర్వీసు యాక్టివ్ అంటుంది. గడియారం సింక్ అయిందా అన్న లైన్లో మాత్రం 'నో'. అప్పట్లో ఉన్నది, లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీతో వచ్చే టైమ్‌సింక్‌డీ. చిన్న ప్రోగ్రాం, ఒకసారికి ఒక సర్వర్నే అడుగుతుంది. చివరిసారి చూసిన సమయాన్ని డిస్కులో దాచుకుని, బూట్ అయ్యాక గడియారాన్ని కనీసం అక్కడికి జరుపుతుంది. రాత్రి టైము కనిపించడం వెనక గుట్టు అదే. మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చి అసలు గడియారం ఎప్పుడో పాత సంవత్సరానికి పోయింది.

సీఆర్2032 బ్యాటరీ మార్చాను. రాత్రి టైము బాధ తీరింది కానీ సింక్ మాత్రం లేదు. అప్పుడు క్రోనీ వేశాను. ఉబుంటులో అది రాగానే టైమ్‌సింక్‌డీ తనంతట తానే తప్పుకుంటుంది. సర్వర్ల పరిస్థితి చూపే 'క్రోనీసీ సోర్సెస్' కమాండ్ కొట్టగానే విషయం బయటపడింది: ప్రతి సర్వరు పక్కనా ప్రశ్నార్థకం, రీచ్ కాలమ్‌లో 0. బ్రౌజింగ్ బాగానే ఉంది, పింగ్ వెళ్తోంది, ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టుకు మాత్రం జవాబు లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మార్చి చూస్తే నిమిషంలో ఒక సర్వరు పక్కన నక్షత్రం (దాన్నే ఎంచుకుందని గుర్తు) వచ్చింది. రీచ్ 1, 3, 7, 17 అంటూ ఎక్కి 377 దగ్గర ఆగింది. అది ఆక్టల్ లెక్క, 0 నుంచి 7 వరకు అంకెలే వాడేది. 377 అంటే చివరి ఎనిమిది సార్లూ జవాబు వచ్చిందని. దోషం మా రౌటర్ ఫైర్‌వాల్‌ది. ఒక టిక్ తీసేస్తే పోయింది. నెల రోజుల తలనొప్పికి మందు అది!

అప్పట్నుంచి క్రోనీయే. 'క్రోనీసీ ట్రాకింగ్' కమాండ్‌లో చూస్తే నా గడియారం దాదాపు 21 పీపీఎం (పది లక్షల్లో 21 వంతులు) నెమ్మది, అంటే రోజుకు 1.8 సెకన్లు వెనకబడే రకం. క్రోనీ ఈ లెక్కను డ్రిఫ్ట్ ఫైల్లో రాసుకుంటుంది, అందుకే రెండ్రోజులు నెట్ లేకపోయినా టైము పెద్దగా చెదరదు.

చిరాకు పెట్టింది మేక్‌స్టెప్ అనే సెట్టింగ్. డిఫాల్ట్‌గా మొదటి మూడు అప్‌డేట్లలోనే, తేడా సెకను దాటితే ఒక్క గెంతులో సరిచేస్తుంది. ఆ తర్వాత మెల్లగా జరుపుతుంది, 12 సెకన్లకు గరిష్ఠంగా ఒక సెకను. వర్చువల్ మెషీన్‌ని (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) రెండు గంటలు పాజ్‌లో పెట్టి లేపితే, సరైన టైముకి చేరడానికి రోజంతా పడుతుందన్నమాట. ఇది తెలియక ఓ సాయంత్రం జుట్టు పీక్కున్నాను. 'క్రోనీసీ మేక్‌స్టెప్' కొడితే వెంటనే కుదురుతుంది. వర్చువల్ మెషీన్లకైతే కాన్ఫిగ్‌లో మూడు బదులు మైనస్ ఒకటి రాసి మర్చిపోండి.

డ్యూయల్ బూట్ వాళ్ళకు ఒక మాట: టైము సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తుంటే క్రోనీని తిట్టకండి. ఒక ఓఎస్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం), ఇంకోటి మన లోకల్ టైముగా చదువుతున్నాయి.

ఉబుంటు 25.10 నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లకు క్రోనీయే డిఫాల్ట్, అదీ ఎన్‌టీఎస్ (టైము జవాబు అసలు సర్వరు నుంచే వచ్చిందని సరిచూసే పద్ధతి) భద్రతతో. దానికి టీసీపీ 4460 పోర్టు కూడా తెరిచి ఉండాలి. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఇంకా టైమ్‌సింక్‌డీయే ఉంది. బాగానే నడుస్తోంది, నేనూ ముట్టుకోలేదు.