ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి మాక్ ఇంటర్వ్యూలు: మూడు సెషన్ల తర్వాత నా మాట

మొదటి ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "శాంపిల్ హీమోలైజ్ అయింది. ఏం చేస్తావు?" హీమోలిసిస్ (ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం) అంటే ఏమిటో, ఎందుకవుతుందో గడగడా చెప్పేశాను. శాంపిల్ రిజెక్ట్ చేసి, కారణం రాసి, మళ్లీ రక్తం తీయించమని వార్డుకి చెప్తానన్న ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు. ఉద్యోగం రాలేదు. ఆ తర్వాతే ఆన్‌లైన్ మాక్ ఇంటర్వ్యూల సర్వీసులో మూడు సెషన్లు తీసుకున్నాను.

మొదటి రెండు సెషన్లు చేసినావిడ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసిన మేడం. "నీ గురించి చెప్పమ్మా" అని కూడా అనలేదు. "పొటాషియం 8.2 వచ్చింది, కాల్షియం బాగా తక్కువ. రిపోర్ట్ ఇస్తావా?" అని సూటిగా మొదలుపెట్టారు. క్రిటికల్ వాల్యూ (ప్రాణాపాయం ఉండే స్థాయి) కదా, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేస్తానన్నాను. "పేషెంట్ నిజంగా అలా ఉన్నాడా, ట్యూబ్ అలా ఉందా?" అన్నారు. పర్పుల్ క్యాప్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకు వేసేది ఈడీటీఏ పొటాషియం లవణం. ఎవరైనా ఆ రక్తాన్ని సీరం ట్యూబులోకి ఒంపితే పొటాషియం పెరుగుతుంది. కాల్షియాన్ని ఈడీటీఏ పట్టేసుకుంటుంది కాబట్టి అది పడిపోతుంది. శాంపిల్ మీద అనుమానం ఉందని వార్డుకి వెంటనే చెప్పి, మళ్లీ తీయించాలి. బ్లడ్ కల్చర్, లేత నీలం, సీరం, ఆకుపచ్చ, పర్పుల్, బూడిద రంగు అంటూ రక్తం తీసేటప్పటి ట్యూబుల వరస నాకు ఎప్పటినుంచో కంఠతా వచ్చు. సీరం ట్యూబు తర్వాతే పర్పుల్ ఎందుకు రావాలో నాకు ఆ రోజే ఒంటబట్టింది.

రెండో సెషన్ అంతా క్వాలిటీ కంట్రోలే. కంట్రోల్ (మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి వాడే, విలువ ముందే తెలిసిన శాంపిల్) వరసగా రెండుసార్లు ఒకే వైపు 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) దాటితే ఏం చేస్తావన్నారు. మళ్లీ రన్ చేస్తానన్నాను. మంచి వాల్యూ వచ్చేదాకా కంట్రోల్ రన్ చేస్తూ పోతే అది క్వాలిటీ కంట్రోల్ కాదమ్మా అన్నారు. అలా ఒకే వైపు జరిగిందంటే సిస్టమాటిక్ ఎర్రర్, అంటే ఫలితాలన్నీ ఒకే దిక్కుకి తప్పుతున్నట్టు. ముందు పేషెంట్ రిపోర్టులు ఆపాలి, రీఏజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) లాట్ మారిందేమో, కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో చూడాలి. నేను చెప్పిన ప్రతి జవాబునీ ఆవిడ ఇలాగే పనిలోకి లాగారు. డబ్బుకి తగిన విలువ ఈ రెండు సెషన్లలోనే దొరికింది.

మూడోది వేరే ఆయన చేశారు. చేతిలో లిస్టు పెట్టుకుని చదివారు. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు, మీ బలహీనత ఏమిటి... ల్యాబ్ గురించి ఒక్క ప్రశ్నా లేదు. ఇది నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే అసలు ఇంటర్వ్యూకి అప్పటికి నాలుగు రోజులే ఉంది. స్లైడ్ చదవడం, బ్లడ్ బ్యాంక్ మూడింట్లోనూ లేవు.

అసలు ఇంటర్వ్యూలో నా ముందు మైక్రోస్కోప్ పెట్టారు. మెషీన్‌లో ప్లేట్‌లెట్లు 22,000, పేషెంట్‌కి రక్తస్రావం ఏమీ లేదు, చూసి చెప్పమన్నారు. స్మియర్ (స్లైడ్ మీద పరిచిన రక్తపు పొర) అంచున ప్లేట్‌లెట్లు గుంపులుగా కనిపించాయి. ఈడీటీఏ వల్ల ఒక్కోసారి ఇలా గుంపు కడతాయి, అప్పుడు మెషీన్ తక్కువగా లెక్కిస్తుంది. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించి, సిట్రేట్ ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన కౌంట్‌ని 1.1తో గుణిస్తానన్నాను. ఇది ట్రైనింగ్‌లో నేర్చుకున్నదే. కానీ కంగారుపడకుండా ముందు శాంపిల్‌నే అనుమానించడం మేడం దగ్గర వచ్చిన అలవాటు. తర్వాత "నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు" అన్నారు. ట్రైనింగ్‌లో ఒకే పేరున్న ఇద్దరి ట్యూబులకి రక్తం తీయకముందే లేబుల్ అంటించి, తారుమారు చేశాను. గమనించగానే ఇన్‌ఛార్జికి చెప్పి, ఇద్దరికీ మళ్లీ తీయించాం. దాచకుండా అదే చెప్పాను. వారం తర్వాత ఉద్యోగం ఖాయమైందని ఫోన్ వచ్చింది.

ఈ సర్వీస్ తీసుకునేవాళ్లు బుక్ చేసేటప్పుడే "ల్యాబ్‌లో పనిచేసినవాళ్లే కావాలి" అని రాయండి. నేను రాయలేదు, మూడో సెషన్ అలా పోయింది.